యాభై ఫ్రేముల కాంట్రా

కాంట్రా టీవీ గేమ్ కాదంటే మా ఆఫీసులో ఇప్పటికీ నమ్మనివాళ్ళున్నారు. నమ్మకపోవడంలో వింతేం లేదు. తొంభైల్లో వరంగల్‌లోనో గుంటూరులోనో పెరిగి, ఇంజినీరింగ్ చదివి, మాదాపూర్‌లో తేలిన నా ఈడువాళ్ళకి కాంట్రా అంటే ప్లాస్టిక్ క్యాసెట్. దాని అడుగున నోటితో ఊదడం, టీవీలో ఖాళీ ఛానెల్ వెతికి ట్యూన్ చేయడం, ఎండాకాలం సెలవులు. అది పుట్టింది వేరే పెట్టెలో అని మనకెవరూ చెప్పలేదు. 1987లో జపాన్‌కి చెందిన కొనామి దాన్ని ఆర్కేడ్ యంత్రం కోసం చేసింది. నిలబడి, నాణెం వేసి ఆడే నిలువెత్తు పెట్టె అది. మనం ఆడింది దాని కన్వర్షన్. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, కన్వర్షన్‌కి నకలు.

ఈ వ్యాసం ఆ కన్వర్షన్ల గురించి. ఏది మేలు, ఏది నాసి అని తేల్చాలని కూర్చున్నాను గానీ, కూర్చున్న కొద్దీ 'మేలు' అన్న మాటే ఇబ్బంది పెట్టింది.

ముందు ఒక సంగతి. ఇప్పుడు మనం పోర్టింగ్ అంటే ఉన్న కోడ్‌ని తీసుకుని, కొత్త యంత్రానికి తగ్గట్టు అక్కడక్కడా సర్ది, మళ్ళీ కంపైల్ చేయడం అనుకుంటాం. ఎనభైల్లో అలా కుదిరేది కాదు. ఆర్కేడ్ బోర్డు మీద ఉన్న ప్రాసెసర్ వేరు, ఇంటి యంత్రంలో ఉన్నది వేరు. రెండూ అసెంబ్లీలోనే రాయాలి, ఒకదాని అసెంబ్లీ ఇంకోదానికి అర్థం కాదు. చాలాసార్లు కన్వర్షన్ చేసేవాడి చేతికి అసలు కోడ్ వచ్చేది కూడా కాదు. పక్కన ఆర్కేడ్ యంత్రం పెట్టుకుని, ఆడుతూ, చూస్తూ, మొదటినుంచీ రాసుకునేవాడు. నేను పగలంతా చేసే ఉద్యోగం పాత బ్యాంకింగ్ సాఫ్ట్‌వేర్‌ని కొత్త ప్లాట్‌ఫామ్ మీదికి మార్చడం. మా దగ్గర ఒక ఎక్సెల్ షీట్ ఉంటుంది: పాతదాంట్లో ఉన్న ప్రతి ఫీచర్‌కీ ఒక వరస, కొత్తదాంట్లో వచ్చిందా లేదా అని ఒక గడి. గడులన్నీ పచ్చగా అయితే పని అయినట్టు. రెట్రో గేముల విమర్శలో 'ఆర్కేడ్ పర్‌ఫెక్ట్' అని ఒక బిరుదు ఉంది. అది అచ్చం ఆ ఎక్సెల్ షీటే.

ఆ కొలతతో తెలుగు సాహిత్యాన్ని కొలిస్తే ఏమవుతుందో చూడండి. తిక్కన భీష్మపర్వంలో భగవద్గీత దగ్గరికొచ్చేసరికి 700 శ్లోకాల్ని కొద్దిపాటి పద్యాల్లో తేల్చేశాడు. మా షీట్‌లో అయితే అది మొత్తం ఎర్రగడే. అంతకుముందు నన్నయ సంస్కృత భారతంలో లేని చంపూ పద్ధతిలో, పద్యమూ గద్యమూ కలిపి భారతం మొదలుపెట్టాడు. అది మూలంలో లేని ఫీచర్. అయినా ఎనిమిది తొమ్మిది వందల ఏళ్ళుగా ఆ భారతాన్ని అసంపూర్ణ పోర్ట్ అని ఎవరూ పక్కన పెట్టలేదు. ఏ యంత్రం మీద ఏది నిలబడుతుందో తెలిసి చేసిన పని కాబట్టి దాన్ని దాని లెక్కలోనే చదివారు. గేములకి ఆ మర్యాద ఎందుకు లేదన్నది నా మొదటి ప్రశ్న.

ఇక కాంట్రా. 2019లో కొనామి వాళ్ళు కాంట్రా ఆనివర్సరీ కలెక్షన్ అని ఒకటి తెచ్చారు. అందులో ఆర్కేడ్ రూపం ఉంది, అమెరికన్ ఎన్ఈఎస్ రూపం ఉంది, జపాన్ ఫామికామ్ రూపమూ ఉంది. మూడూ పక్కపక్కన పెట్టి ఆడొచ్చు. ఆర్కేడ్ కాంట్రా మొదటిసారి చూసినప్పుడు నాకు తట్టింది ఒక్కటే: తెర నిలువుగా ఉంది! ఎడమ నుంచి కుడికి పరిగెత్తే గేముకి నిలువు తెర. వెడల్పు 224 పిక్సెళ్ళు, ఎత్తు 280. అడివి స్టేజిలో పైన బోలెడంత ఖాళీ, ముందు మాత్రం ఇరుకు. కుడివైపు నుంచి పరిగెత్తుకొచ్చే సైనికుడు కనపడేసరికే మీద పడతాడు. నాణెం వేసి ఆడే యంత్రం కాబట్టి మనం త్వరగా చావడంలోనే దాని లాభం అనుకోండి. వ్యాపారం సంగతి అలా ఉంచినా, ఆ తెరకీ ఆ ఆటకీ పొత్తు కుదరలేదనే నా అభిప్రాయం.

ఎన్ఈఎస్ తెర అడ్డం, 256 మీద 240. ముప్పై రెండు పిక్సెళ్ళు ఎక్కువ వెడల్పు. వినడానికి ఎంతో కాదు, కానీ కాంట్రాలో ఒక్క గుండు తగిలితే ప్రాణం పోతుంది. ఆ ముప్పై రెండు పిక్సెళ్ళ మేర ముందు చూడగలగడం అంటే ఎగరాలా, పడుకోవాలా అని నిర్ణయించుకోడానికి సమయం దొరకడం. అంటే చావు యంత్రం చేతిలోంచి మన చేతిలోకి వచ్చింది. కన్వర్షన్ అసలుకంటే మెరుగయ్యే సందర్భాలు ఉంటాయని వాదించాలంటే నేను ఇక్కడే మొదలుపెడతాను.

అదే లెక్క జలపాతం దగ్గర తిరగబడుతుంది. మూడో స్టేజిలో పైకి ఎక్కుతూ పోవాలి. ఆర్కేడ్ తెర ఎత్తు 280, మనది 240. నలభై పిక్సెళ్ళు పోయాయి. తెర పైకి జరుగుతుందే గానీ కిందికి రాదు, కింద అంచు దాటినవాడు చస్తాడు. ఇద్దరు ఆడుతున్నప్పుడు ఒకడు ఆత్రంగా పైకి ఎగిరితే రెండోవాడు అడుగున పడి పోతాడు. మా చిన్నాయన కొడుకుతో నేను ఆడిన అన్ని సెలవుల్లోనూ కొట్లాట మొదలైంది ఈ స్టేజిలోనే. "అన్నా ఆగు, అన్నా ఆగు" అనడం, వాడు ఆగకపోవడం. డిజైన్ లోపం అనండి, ఇద్దరు మనుషులు ఒకరికోసం ఒకరు ఆగడం నేర్పే స్టేజి అనండి. నేను రెండోదే అంటాను గానీ, మావాడు ఎప్పుడూ నేర్చుకోలేదు.

ఎన్ఈఎస్ లోపలి సంగతులు చూస్తే ఆ పని చేసినవాళ్ళ మీద గౌరవం పెరుగుతుంది. ఆర్కేడ్ బోర్డులో బొమ్మల కోసం ప్రత్యేకంగా కొనామి చేసుకున్న చిప్పులు రెండు, సంగీతానికి యమహా వైఎం2151, ఎనిమిది గొంతులది. ఎన్ఈఎస్‌లో పనికి దొరికే మెమరీ 2 కిలోబైట్లు. రెండు పల్స్ గొంతులు, ఒక ట్రయాంగిల్, ఒక చప్పుడు, ఒక చిన్న శాంపిల్ గొంతు. తెర మీద ఒకే అడ్డగీతలో ఎనిమిదికి మించి స్ప్రైట్లు పడితే మిగతావి కనపడవు. అందుకే ఎస్ గన్ ఐదు గుళ్ళు విప్పారినప్పుడు ఒక్కోసారి ఏదో ఒకటి మిణుకుమంటుంది. క్యాసెట్ మొత్తం 128 కిలోబైట్లు. ఇవాళ మనం వాట్సాప్‌లో పంపుకునే గుడ్ మార్నింగ్ బొమ్మ కూడా అందులో పట్టదు.

ఇంత ఇరుకులో వాళ్ళు కుదించడంతో ఆగలేదు, తిరిగి కట్టారు. ఆర్కేడ్‌లో చివరి భాగాలు, అంటే మంచు మైదానం దగ్గర్నుంచి గ్రహాంతర జీవి గుహ దాకా, ఒకే పొడుగాటి స్టేజిగా సాగిపోతాయి. ఎన్ఈఎస్‌లో వాటిని విడగొట్టి, పెంచి, ఒక్కోదానికి ఒక్కో పెద్ద శత్రువుని పెట్టి ఎనిమిది స్టేజీలు చేశారు. ఆర్కేడ్‌లో లోపలి స్థావరాలకి టైమర్ ఉంటుంది, దారి తప్పేలా గదులుంటాయి. ఇంట్లో టైమర్ లేదు, దారి నేరుగా పోతుంది. నాకైతే ఈ స్థావరాలు ఏ రూపంలోనూ పెద్దగా నచ్చలేదు. వెనకనుంచి చూస్తూ గోడలు కాల్చడం రెండు నిమిషాల ముచ్చట. కానీ మంచు మైదానాన్ని విడి స్టేజి చేయడం గొప్ప నిర్ణయం. అడివి, జలపాతం, మంచు, ఇనుప కర్మాగారం, చివరికి మాంసంలాంటి గుహ: ఈ వరసలో ఒక ప్రయాణం ఉంది. ఆర్కేడ్‌లో అదంతా రైలు కిటికీలోంచి చూసినట్టు జరిగిపోతుంది.

జపాన్ రూపం ఇంకో మెట్టు పైన. ఆ క్యాసెట్‌లో కొనామి తన సొంత చిప్పు ఒకటి పెట్టింది. దానివల్ల అడివిలో చెట్లు ఊగుతాయి, మంచు స్టేజిలో మంచు కురుస్తుంది, స్టేజికీ స్టేజికీ మధ్య మ్యాపు కనపడుతుంది. అమెరికాకి పంపేటప్పుడు ఆ చిప్పు తీసేశారు. చెట్లు ఆగిపోయాయి. నేను ఆడిన క్యాసెట్లన్నిట్లోనూ చెట్లు ఊగనివే. మొదటిసారి ఊగే చెట్లు చూసినప్పుడు సంతోషం వేయలేదు, చిరాకేసింది. ఎందుకంటే నా కళ్ళకి ఆ కదలని అడివిలో ఒక ఉక్కపోత ఉండేది, ఎదురుగా వచ్చే గుండు తప్ప ఏదీ కదలనట్టు. నాణ్యత పెరిగింది, ఉక్కపోత పోయింది. ఇది అలవాటు మాట్లాడుతున్న మాట అంటారేమో. విమర్శలో అలవాటుకి చోటు లేదంటే మనలో చాలామంది ఘంటసాల గురించి ఒక్క ముక్క కూడా రాయకూడదు.

యూరప్‌లో ఈ గేమ్ పేరు గ్రైజర్. అక్కడ దాన్ని ఇంటి కంప్యూటర్లకి మార్చింది ఇంగ్లాండ్‌లోని ఓషన్ కంపెనీ, ఎన్ఈఎస్ రూపం రాకముందే. ఆ డబ్బా మీద బొమ్మ గీసింది బాబ్ వేకెలిన్. ప్రిడేటర్ సినిమాలో ష్వార్జ్‌నెగ్గర్ భంగిమని దించేసి గీశాడు. కొనామి ఆ బొమ్మనే తర్వాత అమెరికా ఎన్ఈఎస్ డబ్బా మీద వేసుకుంది. మూలం తన అనువాదం నుంచి అప్పు తీసుకోవడం అన్నమాట.

గ్రైజర్ రూపాల్లో నేను ఎమ్యులేటర్ మీద ఎక్కువసేపు ఆడింది ఆమ్‌స్ట్రాడ్ సీపీసీది. ఆ యంత్రంలో స్ప్రైట్లని నడిపే ప్రత్యేక సర్క్యూటే లేదు. జెడ్80 ప్రాసెసర్ ప్రతి బొమ్మనీ, ప్రతి గుండునీ తనే చెరిపి తనే గీయాలి. తెర జ్ఞాపకం 16 కిలోబైట్లు, దాన్ని ఫ్రేముకోసారి మొత్తం జరపడం దాని వల్ల కాదు. అందుకని స్క్రోలింగే వదిలేశారు. వీరుడు తెర కుడి అంచుకి చేరగానే తెర మొత్తం మారిపోయి కొత్త బొమ్మ వస్తుంది, పుస్తకంలో పేజీ తిప్పినట్టు. వదులుకున్న దాంతో మిగిలిన శక్తిని రంగుల మీద పెట్టారు. వెడల్పాటి పిక్సెళ్ళు, ఒకేసారి పదహారు రంగులు. ఇటుక రంగు, ఊదా, నీలం దట్టంగా పూసిన అడివి.

ఆర్కేడ్ పర్‌ఫెక్ట్ లెక్కలో ఇది ఫెయిల్. ఆడి చూస్తే మాత్రం ఇది ఒక పద్ధతి ఉన్న వేరే గేమ్. పేజీ తిరిగిన ప్రతిసారీ ఒక చిన్న ప్రశ్న: ఇక్కడ ఎవడెక్కడ ఉన్నాడు, ముందు ఎవణ్ణి కాల్చాలి? పరుగు పోయి చదరంగం వచ్చింది. నేను దీన్ని ఎన్ఈఎస్ పక్కన పెట్టను, కానీ ఆర్కేడ్ కంటే పైన పెడతాను. తన యంత్రం ఏం చేయలేదో తెలిసినవాడి పని ఇది.

ఎమ్ఎస్ఎక్స్2 రూపం కొనామి సొంతంగా చేసిందే. ఆ యంత్రానికి తెరని నిలువుగా మెత్తగా జరపడం వచ్చు, అడ్డంగా జరపడం రాదు. ఇక్కడా పేజీలే. స్టేజీలు పెరిగాయి, కానీ ఇద్దరు కలిసి ఆడే వీల్లేదు. పైగా ఒక్క గుండుకి చావడు, శక్తి పట్టీ ఉంటుంది. తగిలినా ఫర్వాలేదనుకునే కాంట్రాని, తోడు లేని కాంట్రాని ఏమని పిలవాలో నాకు తెలీదు. ఫీచర్ల షీట్‌లో దీనికి మార్కులు బాగానే వస్తాయి. అరగంట ఆడి ఆపేశాను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఏ పోలికలోనూ కనపడని రూపం ఒకటుంది, మనది.

మన ఇళ్ళకి వచ్చినవి నింటెండో యంత్రాలు కావు. లిటిల్ మాస్టర్, మీడియా, తర్వాత మితాషీ లాంటి పేర్లతో వచ్చిన ఫామికామ్ క్లోన్లు. హైదరాబాద్‌లో అయితే కోఠీ గుజరాతీ గల్లీ, అబిడ్స్ జగదీశ్ మార్కెట్. ఊళ్ళల్లో రేడియో రిపేరు షాపుల్లో వేలాడుతూ ఉండేవి. ఎన్ఈఎస్ కాంట్రా అమెరికా, జపాన్‌ల టీవీకి తగ్గట్టు సెకనుకి 60 ఫ్రేములతో నడుస్తుంది. మనది పాల్ దేశం. 1982లో ఆసియా క్రీడల వేళ దూరదర్శన్ రంగుల్లోకి వచ్చింది ఆ పద్ధతిలోనే. సెకనుకి 50. ఆ కాలపు గేములకి సొంత గడియారం ఉండదు. టీవీ ఒక బొమ్మ గీయడం పూర్తిచేసిన ప్రతిసారీ గేమ్ ఒక అడుగు వేస్తుంది. అంటే టీవీయే గుండె. ఆ గుండె సెకనుకి పది సార్లు తక్కువ కొట్టుకుంటే పరుగు, ఎగురు, గుండు, పాట అన్నీ ఆరో వంతు నెమ్మదిస్తాయి. అరవై ఫ్రేముల మీద సెకనులో తెర దాటే గుండు మన దగ్గర సెకనూ రెండు పదుల్లో దాటేది.

పాట సంగతి ఇంకా తమాషా. యూరప్‌కి నింటెండో అమ్మిన పాల్ యంత్రంలో ప్రాసెసర్ వేగం కూడా 1.66 మెగాహెర్ట్జ్‌కి తగ్గింది, కాబట్టి లయతో పాటు శృతి కూడా దిగింది. తైవాన్ చిప్పులతో పాల్ టీవీల కోసం చేసిన క్లోన్లలో మాత్రం ప్రాసెసర్ 1.77 దగ్గర నడిచింది. అసలుది 1.79. కాబట్టి శృతి దాదాపు అలాగే ఉంటుంది, లయ ఒక్కటే సాగుతుంది. అడివి స్టేజి పాట అరవై మీద వింటే యుద్ధానికి తరుముతున్నట్టుంటుంది. యాభై మీద కవాతులా ఉంటుంది. 2019 కలెక్షన్‌లో మొదటిసారి విన్నప్పుడు ఎవరో రికార్డు తొందరగా తిప్పుతున్నారనుకున్నాను.

ఇది లోపమా? లెక్క ప్రకారం లోపమే, ఆ గేమ్ రాసినవాళ్ళు ఉద్దేశించింది ఇది కాదు. కానీ ఉద్దేశించకుండా పుట్టిన రూపాన్ని ఒక తరం తెలుగు పిల్లలు కంఠతా పట్టారు. ఎక్కడ ఎగరాలో చేతులకి తెలుసు, ఆ తెలివి యాభైకి కట్టుబడి ఉంది. నేను ఇప్పుడు అరవై మీద ఆడితే మూడు ప్రాణాలూ జలపాతం దాటకముందే పోతున్నాయి. వయసు అనుకున్నాను. ఎమ్యులేటర్‌ని యాభైకి మార్చి ఆడితే నాలుగో స్టేజి దాకా వెళ్ళాను. కొంత వయసూ ఉందిలెండి.

మనకి కథ కూడా లేదు. జపాన్ కథలో 2633వ సంవత్సరం, న్యూజిలాండ్ దగ్గర దీవులు. అమెరికా మాన్యువల్‌లో కాలం వర్తమానం, చోటు దక్షిణ అమెరికా అడవులు. కాంట్రా అన్న పేరు అప్పటి నికరాగువా తిరుగుబాటుదారులదే, ఆర్కేడ్ ముగింపు పాట పేరు సాండినిస్టా. మన క్యాసెట్‌తో మాన్యువల్ రాలేదు. నీలం పాంటు వాడు, ఎర్ర పాంటు వాడు, అంతే. రాజకీయం మొత్తం రాలిపోయి మన దగ్గరికొచ్చింది. దానివల్ల మనం కోల్పోయింది పెద్దగా ఏం లేదనిపిస్తుంది గానీ, రీగన్ కాలపు అమెరికా ఊహ ఒకటి మన నట్టింట్లో పేరూ ఊరూ లేకుండా తిరిగిందన్నది ఆలోచించాల్సిన సంగతి.

ఆపైన ప్రక్షిప్తాలు. మన క్యాసెట్ మెనూలో కాంట్రా ఒక్కటి ఉండేది కాదు. ఒకదాంట్లో ముప్పై ప్రాణాలు, ఇంకోదాంట్లో మొదటినుంచే ఎస్ గన్, మరోదాంట్లో ఏ స్టేజి కావాలంటే ఆ స్టేజి. ఈ ముప్పై ప్రాణాల కథ వెనక ఒక కన్వర్షన్ ఉంది. 1986లో కొనామి తన ఆర్కేడ్ గేమ్ గ్రేడియస్‌ని ఫామికామ్‌కి మార్చేటప్పుడు, ఆ పని చేసిన కజుహిసా హషిమోటోకి పరీక్షించడానికి గేమ్ మరీ కష్టంగా ఉంది. అందుకని తన కోసం బటన్ల వరస ఒకటి పెట్టుకున్నాడు: పైకి రెండు, కిందికి రెండు, ఎడమ కుడి ఎడమ కుడి, బి, ఏ. అది అలాగే బయటికి వచ్చేసింది. కాంట్రాలో అదే వరస ముప్పై ప్రాణాలిస్తుంది. అంటే ప్రపంచంలో అందరికీ తెలిసిన చీట్ కోడ్ ఒక కన్వర్షన్ ప్రోగ్రామర్ టెస్టింగ్ కోసం వాడుకున్న కిటుకు. దాన్ని పైరసీ చేసినవాళ్ళు తీసుకుని మెనూలో విడి గేముగా అచ్చేశారు. మనలో చాలామందికి ఆ కోడ్ అవసరమే పడలేదు.

తాళపత్రాల్లో ఒకే కావ్యానికి పది పాఠాలుంటాయి. బ్రౌన్ దొర వాటిని పోగుచేయించి, పోల్చి చూపించి, పండితుల చేత పరిష్కరింపజేశాడు కాబట్టి మనకి ఇవాళ ఏది ఎక్కడ కలిసిందో కొంతైనా తెలుసు. కాంట్రాకి ఆర్కేడ్ ప్రతి భద్రంగా ఉంది, ఎన్ఈఎస్ ప్రతి, ఫామికామ్ ప్రతి డబ్బిచ్చి కొనుక్కోవచ్చు. సీపీసీ ప్రతిని యూరప్ అభిమానులు కాపాడుకున్నారు. గుజరాతీ గల్లీ ప్రతిని కాపాడాల్సింది ఎవరు? అది దొంగ సరుకు, కాబట్టి కొనామికి పట్టదు. నాస్టాల్జియా పోస్టులు రాసే మనకి ఆ క్యాసెట్ ఫొటో చాలు, లోపలున్నది అక్కర్లేదు.

క్యాసెట్ విప్పితే చిప్పు ఉండదు, బోర్డు మీద గట్టిపడిన నల్లటి జిగురు బొట్టు ఒకటుంటుంది. దాని కిందే అంతా. బొట్టుని కదపకుండా అంచున ఉన్న పిన్నుల నుంచి చదివే చిన్న పరికరాలు దొరుకుతాయి. మా అమ్మ అటక మీద దాచిన రెండు క్యాసెట్లు ఈ మధ్య అలా చదివాను. ఒకటి పూర్తిగా పోయింది. రెండోదాని మెనూలో కాంట్రా ఐదుసార్లు ఉంది, ఐదు పేర్లతో. ఐదింటికీ మధ్య తేడా వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని బైట్లే. నాలుగు నాకు గుర్తున్నవే. ఐదోది మేమెప్పుడూ తెరవలేదు, మెనూలో మరీ అడుగున ఉండేది. అది సూటిగా జలపాతం దగ్గర మొదలవుతుంది, ఇద్దరు ఆటగాళ్ళకీ చెరో ముప్పై ప్రాణాలతో.